ఏడు గంట్ల రోలు

నేను ఒక రోలును. నన్ను డోలీలో కట్టి కొండ దించిన పొద్దున ఆకాశమంతా పలచని మబ్బు. వాన పడేది కాదు, ఎండ కాసేది కాదు. డోలీ ఎక్కడమంటే కడుపుతో ఉన్నవాళ్లకో, పాము కరిచినవాళ్లకో. రాతికి ఆ మర్యాద దక్కడం మా కొండ మీద అదే మొదలు.

నేను పుట్టింది వాగులో. కెచ్చెల వారి ముత్తవ్వ ఎవరో నన్ను తొలిపించి పోడులో పెట్టించింది. కొండరెడ్లు ఒకచోట అడవి కొట్టి, కాల్చి, మూడేళ్లు సామలు, కందులు పండించుకుంటారు. ఆపైన నేలను పదేళ్లు వదిలేస్తారు. వెళ్లేటప్పుడు నన్ను బోర్లించేవారు. తిరిగొచ్చాక వెల్లకిల తిప్పి, అంచు మీద ఒక గంటు కొట్టి, తొలి సామలు దంచేవారు. ఆ పదేళ్లూ నా మీద నాచు, నా కింద తేళ్లు. కొత్త సామల వాసన మాత్రం కడుపులో అలాగే ఉండేది.

అలా ఏడు గంట్లు పడ్డాయి. చివరి మూడూ ఆ కెచ్చెల వారింటి కోడలు సింగారమ్మ చేతివి.

పట్టాల కోసం గ్రామసభ నా పక్కనే పెట్టారు. సింగారమ్మ మేనల్లుడు బాపిరెడ్డి, సర్కారు కట్టిన కాలనీకి దిగిపోదామన్నాడు. "రోడ్డుందత్తా, ఆసుపత్రుంది. డోలీ మోసి మోసి బుజాలు కాయలు కాసిపోయాయి."

"దిగరా. ఈ కొండను కూడా మోసుకుపో మరి," అందామె. అందరూ నవ్వారు, బాపిరెడ్డి తప్ప.

గుమస్తా సూరపరాజు కాగితం తీశాడు. "ఎన్నాళ్లుగా సాగు చేస్తున్నారు మామ్మా?"

"ఏడు పోళ్లు కొట్టాం బాబూ."

ఆయన లెక్కలో పోడంటే ఒక పంట, పంటంటే ఒక ఏడు. ఏడేళ్లు అని రాసుకుపోయాడు. చట్టం అడిగే కాలానికి అది చాలలేదు. నెల తిరక్కుండా అర్జీ వెనక్కొచ్చింది.

"నోటి మాట పనికిరాలేదు. దీన్ని చూపిద్దాం," అంది సింగారమ్మ నా మీద చెయ్యివేసి. డోలీ కర్రకు ముందు భుజం పెట్టింది బాపిరెడ్డే. దారిలో ఒక్కమాటే మాట్లాడాడు. "కొండను మోస్తన్నానత్తా. చూసుకో."

ఆఫీసు వాకిట్లో దించారు. సింగారమ్మ గంట్ల మీద వేలు పెట్టింది. "ఇది మా అత్త కొట్టింది, నేను కాపరానికొచ్చిన ఏడు. ఇది కొట్టిన ఏడు నా పెద్దపిల్ల పెద్దమనిషైంది. ఇది కొట్టిన ఏడు దానికి కూతురు పుట్టింది. ఇదిగో, ఇది కొట్టిన ఏడు ఆ కూతురూ పెద్దమనిషైంది."

"మరి మధ్యలో?" అడిగాడు సూరపరాజు.

"మధ్యలో పదేళ్లు నేల పడుకుంటాది బాబూ. మీరు పడుకోరేటి?"

సూరపరాజు వేళ్ల మీద లెక్కపెట్టి, వేళ్లు చాలక ఆగిపోయాడు. లోపలికెళ్లి అర్జీ తెచ్చి, నా అంచు మీదే పెట్టి, 'ఏళ్లు' కొట్టేసి 'పోళ్లు' అని రాశాడు. గంటుకు గంటుకు మధ్య పదమూడేళ్లని కింద వివరం రాసి సంతకం పెట్టాడు. "పైవాళ్లకు నేనే చెబుతాను. తప్పు నాది," అన్నాడు.

సింగారమ్మ సామబువ్వ మూట విప్పి మూడు అడ్డాకుల్లో పెట్టింది. సూరపరాజు తన అన్నం డబ్బా పక్కకు జరిపి ఆకు అందుకున్నాడు. బాపిరెడ్డి ఎడమచేత్తో భుజం రుద్దుకుంటూ కలుపుకున్నాడు. ఆమె తన ఆకులోంచి ఓ పిడికెడు తీసి అతని ఆకులో వేసింది. నా చుట్టూ కూర్చుని ముగ్గురూ తిన్నారు.