ఆ ఆరు పళ్ళు

కెన్యాలోని కిసుము ఊళ్ళో, పళ్ళ క్లినిక్‌లో డాక్టరు మాటల్ని రోగులకు అర్థమయ్యేలా చెప్పడం అపోండి పని. అందులో ఆమెకు తిరుగులేదు. పళ్ళకు మెత్తగా పట్టేది పాచి, అదే గట్టిపడితే గార. పుచ్చును తొలిచి నింపితే ఫిల్లింగ్. బజారు ఆడవాళ్ళు ఒక్కసారి విని, బయటికెళ్ళి పదిమందికి పాఠం చెప్పేవాళ్ళు.

ఆ గురువారం కుర్చీలో కూర్చున్నది ఆమె నానమ్మ అవితి. పైదవడ పన్ను పుచ్చి, నాలుగు రోజులుగా మెత్తటి మొక్కజొన్న ఉగాలి ముద్ద కూడా నమలలేకపోతోంది.

"పీకేస్తారటే?"

"పీకరు నానమ్మా. రూట్ కెనాల్ చేస్తారు. లోపల చెడిపోయిన నరం తీసి, కడిగి, పూడుస్తారు. పన్ను నీ నోట్లోనే ఉంటుంది."

"అలా చెప్పు, బతికించావు."

సముద్రతీరం నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు బరకా కింది చిగుళ్ళు చూసి, 'ఆరు పళ్ళు లేవు, చిగుళ్ళ జబ్బు' అని రాసుకున్నాడు. కట్టుడు పళ్ళకు కొలత తీసుకుందామా అన్నాడు.

అవి జబ్బుతో ఊడినవి కావనీ, చిన్నప్పుడు తమ లువో తెగ ఆచారం ప్రకారం పెద్దవాళ్ళు తీయించినవనీ అపోండికి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆదివారం నైరోబీ నుంచి కాబోయే అత్తమామలు వస్తున్నారు. నానమ్మ నవ్వితే వాళ్ళేమనుకుంటారోనని వారం రోజులుగా ఆమెకు సిగ్గు. అలా సిగ్గుపడుతున్నందుకు ఇంకా సిగ్గు.

"ఏమంటాడే?"

"కింద పళ్ళు పెడతాడట. బాగుంటావు నానమ్మా."

ముసలమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. "పిల్లాడి వాళ్ళొస్తున్నారనా?"

అపోండి తల దించుకుంది.

"అవి తీసేటప్పుడు చుక్క కన్నీరు రాలినా ఇంటి పరువు పోతుందన్నారు. రాల్చలేదే తల్లీ. మర్నాటి నుంచి నన్నెవరూ చిన్నపిల్లలా చూడలేదు. ఇప్పుడు అక్కడ వేరే పళ్ళు పెడితే మాత్రం ఏడుస్తానేమో." మనవరాలి చెయ్యి నిమిరింది. "పోనీలే, నీకోసం పెట్టుకుంటా. ఆదివారం దాకా ఓర్చుకోలేనా?"

అపోండి డాక్టరు ముందున్న కాగితం తీసుకుని 'చిగుళ్ళ జబ్బు' కొట్టేసింది.

"జబ్బు కాదు డాక్టర్. మా ఆచారం. నేనే ముందు చెప్పాల్సింది. అక్కడ చెయ్యాల్సిన వైద్యమేమీ లేదు."

బరకా నొచ్చుకుని, అవ్వకు క్షమాపణ చెప్పి మత్తుసూది అందుకున్నాడు.

"ఆదివారం నేను వంటింట్లోనే ఉంటాలేవే," అంది అవితి.

"వంటింట్లో నేనుంటా," అంది అపోండి, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు వాళ్ళ ఎదురుగా కూర్చుని, నోరారా నవ్వు."