శాలువా పనిలో ఉంది

నేను ఒక శాలువాను. పేరు విని చలి కాస్తాననుకుని దగ్గరికి లాక్కోకండి, మోసపోతారు. నన్ను కప్పుకుంటే పుష్యమాసంలో పళ్లు టకటకలాడతాయి, వైశాఖంలో ఒళ్లు ఉడికిపోతుంది. నేను సన్మానం శాలువాను. మెరూన్ రంగు, అంచుకు బంగారు జరీ. ఆ జరీలో బంగారం లేదు, ఆ మాటకొస్తే జరీ కూడా లేదు, మెరిసే ప్లాస్టిక్ దారం. నన్ను నేసిన మరమగ్గానికి నా మీద పెద్ద ఆశలేవీ ఉండేవి కావు. రోజూ నాలాంటివాళ్లను కుప్పలు కుప్పలుగా కక్కేది. మమ్మల్ని మడిచి, లోపలిది పైకి కనబడే కవర్లలో దూర్చి, గోదావరి జిల్లాలోని ఈ పట్నానికి తోలారు. ఇక్కడ పెద్దమనుషులు ఎక్కువట, గిరాకీ బాగుంటుందట.

గిరాకీకేం, బ్రహ్మాండం. మొట్టమొదట నన్ను కప్పించుకున్న ఆయన ఒక వార్డులో మంచినీళ్ల కుళాయి ప్రారంభించాడు. నీళ్లు రాలేదు గానీ నేను వచ్చాను. అప్పుడే ఈ వృత్తి రహస్యం నాకు తెలిసింది. కప్పేవాడు కప్పించుకునేవాణ్ని చూడడు. ఇద్దరూ కలిసి కెమెరాను చూస్తారు. ఫొటో తీయడం అయిందో లేదో నన్ను భుజం మీంచి లాగేసి పక్కవాడి చేతిలో పెడతారు. తర్వాత బీరువాలో కలరా ఉండల మధ్య నిద్ర. ఆ ఇంటాయన ఇంకొకరిని సన్మానించాల్సి వచ్చినప్పుడు కొత్త కవరు తొడిగి నన్నే తీసుకెళతాడు. అలా చేతులు మారి మారి ఒకసారి మళ్లీ మొదటాయన భుజం మీదికే వచ్చాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు సరికదా, ఆనందంతో కళ్లు ఒత్తుకున్నాడు. నాకు మాత్రం ఆయన మెడ దగ్గరి పౌడరు వాసన బాగా గుర్తుంది.

ఆ తర్వాత ఎవరో నన్ను ఒక డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి కప్పారు. ఆయన నన్ను కాలేజీ వార్షికోత్సవంలో పులపర్తి మాణిక్యాంబ గారికి కప్పారు. ఆవిడ ఆ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో మెస్సు నడుపుతారు. వార్షికోత్సవం భోజనాలు ఆవిడే చూశారు కాబట్టి సన్మానించక తప్పలేదు. ఇన్నేళ్ల నా అనుభవంలో కెమెరా వైపు చూడకుండా నా వైపు చూసిన మొదటి మనిషి ఆవిడే. అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, మైకులో వినబడేలా అన్నారు: "ఇదెందుకండీ నాకు? ఇదే నాలుగు కేజీల కందిపప్పు ఇస్తే పిల్లలు తిందురు గదండీ!"

సభ గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "నేనిది ఉంచుకోనండి. మన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీము ఒక్క మ్యాచ్ గెలిస్తే కెప్టెన్‌కి కప్పేత్తాను" అన్నారు. ఈసారి సభ ఇంకా గట్టిగా నవ్వింది.

ఎందుకు నవ్వారో చెబుతాను. ఆ టీములో ఆడేవాళ్లందరూ మొన్న వేసవిలో డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయారు. మిగిలింది సెకండియర్ ఈసరపు నీలవేణి ఒక్కతే. ఒక్కతే కాబట్టి ఆమెనే కెప్టెన్ని చేశారు. కాలేజీ సీటూ, హాస్టల్ గదీ ఆమెకు ఆటల కోటాలో దొరికాయి. టీము లేకపోతే ఆ సీటూ లేదు, సీటు లేకపోతే ఇంటికెళ్లి తల్లి పక్కన రొయ్యల షెడ్డులో తలకాయలు తీసుకోవడమే. ఈ సంగతి ప్రిన్సిపాల్ గారికి తెలుసు. తెలిసే, ఏడాది మొదట్లో పిలిచి చల్లగా చెప్పారు: "చూడమ్మా, ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ అయినా గెలవకపోతే టీము తీసేస్తాం. ఆ కోర్టులో స్టాఫ్ కార్లు పెట్టుకోవచ్చు."

నీలవేణి హాస్టలంతా గాలించి మనుషుల్ని పోగేసింది. ఒకమ్మాయి కబడ్డీ నుంచి వచ్చింది. మొదటి మ్యాచ్‌లో అవతలి పిల్ల బంతితో పరిగెత్తుతుంటే అలవాటు కొద్దీ కాలు పట్టేసుకుంది. ఇంకో అమ్మాయి కరుణ, ఆరడుగులకు కాస్త తక్కువ. ఆ పొడుగు చూసే తీసుకున్నారు. ఆమెకు బంతంటే భయమని ఎవరికీ తోచలేదు. బంతి తన వైపు వస్తే, ఇరుకు సందులో పెద్దవాళ్లకు దారి ఇచ్చినట్టు మర్యాదగా పక్కకు తప్పుకునేది. ఇక కోచ్ సంగతి. ఆటలు నేర్పించే పీడీ ఉద్యోగం ఖాళీగా ఉందని కెమిస్ట్రీ చెప్పే ధర్మలింగం గారిని ఇన్‌ఛార్జిగా వేశారు. బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకు ఆయనకు పట్టు ఉంది. మ్యాచ్ ముందు "బాగా ఆడండమ్మా" అనేవారు. హాఫ్ టైమ్‌లో "ఇంకా బాగా ఆడండమ్మా" అనేవారు.

యూనిఫారం సంగతి కూడా వినండి. కాలేజీ కరస్పాండెంట్ గారు ఎవరో సిద్ధాంతిని అడిగి తెల్ల చొక్కాలు, తెల్ల నిక్కర్లు కుట్టించారు. వీపు మీద వాళ్ల నాన్నగారి ఫొటో అచ్చు వేయించారు. ఫొటో పెద్దదైపోయి నంబరుకు చోటు చాలలేదు. ఫౌలు ఎవరిదో తెలియక రిఫరీ ఆ స్వర్గీయుల ముఖాన్ని ఎగాదిగా చూసేవాడు. ఆడపిల్లలకు తెల్ల నిక్కర్లేమిటని ఆ కమిటీలో ఒక్కరూ అడగలేదు. అడగడానికి అందులో ఆడవాళ్లుంటే కదా.

మాణిక్యాంబ గారు మాత్రం ఒక్క మ్యాచ్ మానలేదు. వైరు బుట్టలో అడుగున ఉడకబెట్టిన గుడ్లు, పైన నేను. గుడ్ల వేడికి నా జరీ మెత్తబడిపోయింది. పెద్దపెద్ద భుజాల మీద ఊరేగిన నాకు ఈ గతేమిటా అని కుళ్లి కుళ్లి ఏడ్చాను. ఆవిడకు ఆట నియమాలు తెలియవు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. ఒకసారి కోర్టులోకి నడిచి వెళ్లి రిఫరీని నిలదీశారు.

"ఏమయ్యా, ఆ పిల్ల వేస్తే మూడేశావ్, మా పిల్ల వేస్తే రెండేశావ్. ఇదేం న్యాయం?"

"అమ్మా, దూరం నుంచి వేస్తే మూడండి."

"అలాగా? ఏమే నీలవేణీ, దగ్గరికెందుకే వెళ్తావు? ఆ గేటు కాణ్ణించి వెయ్యి!"

టీము ఓడింది. మళ్లీ ఓడింది. తర్వాత, కొంచెం మార్పు కోసమా అన్నట్టు, ఇంకా దారుణంగా ఓడింది. చప్పట్లు కొట్టడానికి వచ్చిన హాస్టల్ పిల్లలు హాఫ్ టైమ్‌కి ఐస్‌క్రీమ్ బండి దగ్గర తేలేవారు. మిగిలేది మాణిక్యాంబ గారు, బుట్ట, నేను. నేనైతే ఎలాగూ లేచి వెళ్లలేను. కానీ ప్రతి మ్యాచ్‌కీ ఒక ముఖ్య అతిథి, ఆయనకొక శాలువా తప్పనిసరి. ఓడినా గెలిచినా సన్మానం ఆయనకే. చెమటోడ్చిన పిల్లలు నీళ్ల కుండ దగ్గర వరసలో నిలబడేవాళ్లు. ఆ కుండలో నీళ్లు అతిథి గారి పరివారం తాగేసేది.

మ్యాచ్‌లు ఓడుతూనే ఉన్నా మెస్సులో మాత్రం ఏదో జరుగుతోంది. పొద్దున్నే కోర్టుకు వెళ్లొచ్చినవాళ్లకే గుడ్డు అని మాణిక్యాంబ గారు శాసనం చేశారు. దాంతో నీలవేణి లేపకుండానే అందరూ లేచేవాళ్లు. కరుణను వంటింట్లో గుమ్మం దగ్గర నిలబెట్టి, మూలనున్న బస్తా లోంచి బంగాళాదుంపలు తీసి విసిరేవారు. "పట్టుకోవే! కింద పడిందా, తొక్క తీసే పని నీదే!" మొదట్లో కరుణ వంటింటి దుంపలన్నీ తొక్క తీసింది. పోనుపోను తీయడానికేమీ మిగల్లేదు. ఒక చేత్తో, రెండు చేతుల్తో, ఎగిరి, వెనక్కి వంగి, ఎలా విసిరినా పట్టేసేది. ఆ తర్వాతి మ్యాచ్‌లో బోర్డుకు తగిలి వచ్చిన బంతిని కరుణ తప్పుకోకుండా అందుకుంది. ధర్మలింగం గారు ఇదంతా తన శిక్షణే అన్నట్టు తల పంకించారు. ఆ మ్యాచ్ కూడా పోయింది గానీ కొద్దిలో పోయింది.

చివరికి మిగిలింది ఒక్క మ్యాచ్, మా కోర్టులోనే. అప్పటికే స్టాఫ్ కార్ల కోసం సున్నంతో గీతలు గీయాలని కొలతలు తీసుకున్నారు. నీలవేణి ఆ పొద్దున గుడ్డు ముట్టలేదు. "ఇయ్యాళ పోతే నా పెట్టె సర్దుకోవడమే పిన్నిగారూ" అంది. "సర్దుకోడానికి నీకేం ఉందే, రెండు జతలేగా. ముందు తిను" అన్నారు మాణిక్యాంబ గారు. గదమాయించారే గానీ బుట్టలో సర్దిన గుడ్లనే ఆవిడ తీసి మళ్లీ సర్దారు.

ఆ రోజు ఆడారండీ, అబ్బ! నీలవేణి పాములా మెలికలు తిరుగుతూ బంతి తీసుకెళుతుంటే నేను బుట్టలో నిలవలేకపోయాను. హాఫ్ టైమ్ విజిల్ వేసేసరికి రెండు జట్లూ సమానం. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి, మాజీ ఛైర్మన్ గారొకాయన, కారు దిగారు. తొందరగా వెళ్లాలట, సన్మానం ఇప్పుడే కానివ్వమన్నారు. వేదిక మీద వెతుక్కుంటే కాలేజీ వాళ్ల శాలువా లేదు. నిన్న ఎవరో ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఆయనకు కప్పేశారు. ప్రిన్సిపాల్ గారి చూపు తిన్నగా వైరు బుట్ట మీద పడింది.

ఇటు బెంచీ దగ్గర నీలవేణి పరుగున వచ్చి మాణిక్యాంబ గారి చెవిలో చెప్పింది. "పిన్నిగారూ, కరుణకి డేటొచ్చేసింది. నిక్కరంతా అయిపోయింది. ఇక ఆడనని ఏడుస్తంది."

ఆడవాళ్ల గది మెయిన్ బిల్డింగులో ఉంది. ఆదివారం కాబట్టి తాళం. హాస్టలుకు వెళ్లి వచ్చేంత టైము లేదు. ఆ తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ అతిథి గారికి దండ మోస్తూ వేదిక దగ్గర. కరుణ బెంచీ వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని మోకాళ్లలో ముఖం దాచుకుంది. మాణిక్యాంబ గారు ఒక్క క్షణం ఆలోచించలేదు. నన్ను బుట్టలోంచి లాగి, మడత విప్పి, ఒక కొస తాను పట్టుకుని రెండోది నీలవేణి చేతికిచ్చారు. మిగతా పిల్లలు చుట్టూ నిలబడ్డారు. నీలవేణి సంచీలో ప్రాక్టీసుకు వేసుకునే నల్ల ట్రాక్ ప్యాంటు ఉంది. "లే తల్లీ. ఇక్కడ ఎవరూ చూడరు" అన్నారు ఆవిడ.

"మాణిక్యాంబ గారూ, ఆ శాలువా ఒకసారి వేదిక మీదికి పంపండి" అని మైకు మోగింది. మళ్లీ మోగింది. ధర్మలింగం గారు రొప్పుకుంటూ వచ్చారు.

"శాలువా ఇవ్వండమ్మా, అతిథి గారు నిలబడి ఉన్నారు."

"శాలువా పనిలో ఉందని చెప్పండి సార్."

"పనిలో ఉండటమేంటండీ? శాలువాకి పనేంటి?"

"ఆడపిల్ల బట్టలు మార్చుకుంటంది. తమరు కాస్త అటు తిరగండి."

ధర్మలింగం గారు అటు తిరిగారు. ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపటికి, అటు తిరిగే, "పర్లేదు, నిదానంగా మార్చుకోమనండి. రిఫరీతో ప్యాంటు సంగతి నేను చెబుతాను" అన్నారు. ఆ ఏడాది మొత్తంలో ఆయన చేసిన కోచింగ్ అదొక్కటే, అందుకు ఆయన్ని క్షమించేశాను. వేదిక మీద అటెండరు ఇక చేసేదిలేక బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ లాగి దులిపి అతిథి గారికి కప్పాడు. ఆయన కెమెరాను చూసి నిండుగా నవ్వి కారెక్కాడు. తేడా ఆయనకు తెలియలేదు.

సెకండ్ హాఫ్‌లో తెల్ల నిక్కర్ల మధ్య నల్ల ప్యాంటుతో కరుణ ఒక్కతే తాటిచెట్టంత ఎత్తున కనిపించింది. చివరికి వచ్చేసరికి మనవాళ్లది ఒక్క పాయింటు పైచేయి. అవతలి పిల్ల బంతి విసిరింది. అది రింగు మీద పడి, అక్కడే గిర్రున తిరిగి, బయటికి జారింది. "పట్టుకోవే! దుంప అనుకోవే!" అని మాణిక్యాంబ గారు నన్ను పిండేస్తూ అరిచారు. ముగ్గురి చేతుల పైనుంచి కరుణ లేచి బంతిని అందుకుని పొట్టకు హత్తుకుంది. విజిల్ మోగింది. నీలవేణి కోర్టు మధ్యలో కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు.

మాణిక్యాంబ గారు నన్ను విప్పి కప్పబోయి ఆగారు. నా అంచున ఎర్రటి మరక.

"ఉతికి తెస్తానే. మరకయింది."

"ఉండనీయండి పిన్నిగారూ. అలాగే కప్పండి" అంది నీలవేణి.

కప్పారు. ఫొటోగ్రాఫరు అతిథి గారి కారు వెనకే వెళ్లిపోయాడు కాబట్టి ఫొటో లేదు. నా జీవితంలో ఎవరూ కెమెరా వైపు చూడని సన్మానం అదొక్కటే. వారం తిరక్కుండా గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. అందులో విజయసారథులుగా కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు నిలువెత్తున ఉన్నారు. పిల్లలు కింద తపాలా బిళ్లల్లా ఉన్నారు. పోనివ్వండి, టీము మిగిలింది, నీలవేణి సీటు నిలబడింది. తెల్ల నిక్కర్లను మాణిక్యాంబ గారు మెస్సులో మసిగుడ్డలు చేసేసి, అవి చాకలి దగ్గర పోయాయని కాలేజీకి చెప్పారు. కొత్తవి నల్లవి వచ్చాయి.

ఇప్పుడు నేను టీము సామాన్ల సంచీలో బంతుల పక్కన ఉంటున్నాను. ఎంత ఉతికినా మరక పూర్తిగా పోలేదు. కాబట్టి ఏ పెద్దమనిషి భుజానికీ పనికిరాను, పీడా పోయింది. పొరుగూళ్లలో మ్యాచ్‌లకు వెళితే అక్కడ అన్నీ ఉంటాయి. వేదికకు షామియానా, కుర్చీలకు తెల్ల ముసుగులు, అతిథులకు కొబ్బరిబొండాలు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది ఒక్కటే ఉండదు. అప్పుడు నన్ను తీస్తారు.

మొన్న ఒక ఊళ్లో నన్ను వ్యాను తలుపుకూ గోడ మేకుకూ మధ్య కట్టారు. లోపల పిల్లలున్నారు. అటుగా మెడలో దండతో ఒకాయన వచ్చాడు, వెనక ఓ గుంపు. వేదికకు దగ్గరి దారి అదేనట. నన్ను పక్కకు తోయడానికి చెయ్యి చాపాడు.

"ఆగండి. లోపల మా టీముంది" అన్నారు మాణిక్యాంబ గారు.

ఆయన ఆగాడు. ఎండలో నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడని గుంపూ నిలబడింది. లోపలి నుంచి కరుణ గొంతు వినిపించింది. "ఇంకొంచెంసేపు, పిన్నిగారూ!"

"తొందరేం లేదే, నిదానంగా కానివ్వండి" అన్నారు ఆవిడ.

గాలి గట్టిగానే వీస్తోంది. నేను కదల్లేదు.