పల్లంలో అల్లం

భాగీరథమ్మ రెండు రోజులుగా చేనులోని నీళ్లు బిందెతో తోడి పక్కనున్న బాట మీద పారబోస్తూనే ఉంది. వాన తెరపిచ్చినా ఎగువ చేలల్లోంచి ఊట ఆగలేదు. తోడినంతసేపు అల్లం మడుల మధ్య నీళ్లు తగ్గినట్టే కనిపించి, ఆమె ఆకూవక్కా నోట్లో వేసుకునేలోపు మళ్లీ చీలమండ దాకా వచ్చేవి.

కోడలు భవాని పక్కనే గంజుతో తోడుతోంది. చూపు మాత్రం మడుల మీదే ఉంది. దిగువ మూలన ఆకుల కొనలు అప్పుడే పసుపు తిరిగాయి. ఇంకో రెండు రోజులు ఇట్లాగే నిలిస్తే లోపల దుంప కుళ్లిపోతుంది.

పల్లం అని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే ఈ అరెకరం వీళ్లకు కౌలుకు దొరికింది. అత్త ఇరవై ఏళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల చేలల్లో అల్లం నాటింది, తవ్వింది, కడిగింది. అందులో ఒక్క దుంపా ఆమెది కాదు. ఈ పంట నిలబడితే వచ్చే ఏటికి విత్తనపు అల్లం ఇంట్లోనే ఉంటుంది. పోతే అత్తాకోడళ్లిద్దరూ పొద్దున్నే కూలీల ఆటో ఎక్కాల్సిందే.

"నడుము వంచితే కానిదేముంటది?" అనేది అత్త ఎప్పుడూ. భవాని ఎదురు చెప్పేది కాదు. ఇరవై ఏళ్లు వంచిన నడుమూ, వాన పడితే కారే రేకులూ రోజూ కళ్ల ముందే ఉన్నాయి.

"అత్తమ్మా, కింద సంగప్ప పటేల్ చెరుకు పక్కపొంటి కాలువ ఉన్నది గద. ఆయన గట్టు జర తెంపితే మన నీళ్లు అండ్ల పడి వాగుకు పోతయి. అడుగుదమా?"

"నా రెక్కలు పడిపోయినయా ఒకల్ల బతిలాడనీకి? మాటలు బందువెట్టి తోడు."

భవాని గంజు గట్టున పెట్టింది. అత్త కేకేస్తున్నా వినకుండా నడిచింది.

సంగప్ప మోటరు గది అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"భాగీరథి కోడలివి గద నువ్వు?"

"అవు పటేలా. మా చేన్ల నీళ్లు ఆగినయి. మీ గట్టు మూరెడంత తెంపనిస్తే కాలువల పడి పోతయి. వానలు అయిపోయినంక మళ్ల మేమే కడతం."

"రెండొద్దుల సంది చూస్తున్న. మీ అత్త గంత పట్టుగ తోడుతుంటే ఏమన్న మొక్కు ఉన్నదేమో అనుకున్న."

భవానికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "చూసినంక ఒక్క మాట చెప్తే ఏమయితుండె పటేలా?"

"చెప్పి ఎవలు తిట్లు తింటరు? మొన్న గుంటుక కావాల్నా అంటేనే, మాకు చేతులున్నయి అన్నది. తెంపుకో పో. నా చెరుకు దిక్కు మళ్లిందంటే మాత్రం ఊకోను."

కబురు వినగానే భాగీరథమ్మ కోడల్ని గట్టిగానే తిట్టింది. తిడుతూనే పార అందుకుంది. ఆమె కొట్టిన తెంపు గీత గీసినట్టు వచ్చింది. చెరుకు వైపు ఒక్క చుక్క పోకుండా బురదతో చిన్న కట్ట కూడా వేసింది. నీళ్లు గలగలమంటూ కాలువలోకి దూకాయి. మధ్యాహ్నం తిరిగేసరికి మడులన్నీ తేలాయి.

మూలన రెండు మడులు మాత్రం పోయాయి. కుళ్లిన మొక్కలు పీకి దూరంగా పారేశారు. మిగతా చేనంతా పచ్చగా నిలబడింది.

భాగీరథమ్మ గట్టు మీద కూర్చుని పారకంటిన బురద గీకింది.

"గట్టు ఆయనదాయె," అంది. "నా కాడ పార ఒక్కటే ఉండె."

భవాని సద్ది గిన్నె విప్పి అత్త ముందు పెట్టింది. ఈ రెండు రోజుల్లో మొదటిసారి ఆమె కడుపు నిండా తిన్నది.

పొద్దు వాలుతుండగా భాగీరథమ్మ కాళ్లు కడుక్కుని, కొంగు సర్దుకుని, తనే మోటరు గది వైపు నడిచింది. భవానికి చేనిదాకా మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పటేలా, గా తెంపు దీపావళి దాంక గట్లనే ఉండాలె. మీ జీతగాడు మట్టి వేసిండంటే బాగుండదు."

"అడిగే తీరు గిదేనా, భాగీరథీ?"

"గిప్పుడే నేర్సుకుంటున్న. జర ఓపిక పట్టు."