మిగలకూడని సగం

మంగళవారం విప్పిన చొక్కాలో ఆ వాసన ఉండకూడదు. శనివారం చొక్కాలో ఉంటే ఆమెకు ఆశ్చర్యం లేదు; అది ఇంట్లో, అందరి ఎదుటా జరిగే పని. కానీ కొడుకు మంగళవారం కాలేజీ నుంచి వచ్చి కుర్చీ మీద పడేసిన చొక్కాను ఆమె అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

వాసన చూడటం ఆమెకు పనిలో వచ్చిన అలవాటు. లాండ్రీలో బట్టలు వేరు చేసే బల్ల ఆమెది. మరక ఏమిటో కంటికి అంతుపట్టనప్పుడు ముక్కుకు తెలుస్తుంది. నూనె వేరు, పాలు వేరు, చెమట మీద చల్లిన అత్తరు వేరు. మందు ఒలికిన గుడ్డ ఒక రకం. మందు తాగిన మనిషి వేసుకున్న గుడ్డ ఇంకో రకం. అందులో వాసన మరక దగ్గర ఉండదు, కాలరు లోపలి వైపున, మెడ తగిలే చోట ఉంటుంది. కొడుకు చిన్నా చొక్కాలో అక్కడే ఉంది. వాడికి పంతొమ్మిదేళ్ళు.

మర్నాడు లాండ్రీలో ఆ మాట ఇస్త్రీ అక్కకు చెప్పింది. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడను అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

"ఇంట్లో పోస్తున్నారుగా, ఇంకా బయటెందుకంట వాడికి?" అంది ఇస్త్రీ అక్క, ఆవిరి వెనకనుంచి.

"అదే నాకూ అర్థం కాలేదక్కా."

"మీ ఆయన్ని అడగలేకపోయావా?"

"ఏం అడగను? నా ముందు తాగితే అదుపులో ఉంటాడు, బయట నేర్చుకుంటే చెడతాడు అంటారు. ఏడాది పైనుంచీ అదే పాట."

"బాగుంది అదుపు. శనివారం సభకి నీ పేరిచ్చేశాను, వచ్చి మాట్లాడు."

మందు కొనే వయసు, తాగే వయసు పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటికి పెంచాలా వద్దా అని ప్రభుత్వం తరఫున ఊళ్ళో అభిప్రాయాలు అడుగుతున్నారు. సభ శనివారం ఉదయం.

"నాకు మాట్లాడ్డం ఏం వచ్చు?"

"రోజూ నా ప్రాణం తీస్తూ చెప్పేదే అక్కడ చెప్పు. మైకు ఉంటుంది, అంతే తేడా."

ఆమె కాదనలేదు. కాదనలేకపోవడం వల్ల కాదు. ఆ మాట విన్నప్పుడు లోపల ఏదో సడలింది, ఎవరో వచ్చి చేతిలో బరువు అందుకున్నట్టు. ఇంట్లో ఆమె "వద్దు" అంటే ఆ మాట కొడుకు దాకా వెళ్ళే ముందు భర్తను దాటాలి. దాటేసరికి అలిసిపోతుంది. సగం బతిమాలుడుగా, సగం సణుగుడుగా మారి కొడుకు దగ్గరికి చేరుతుంది. చట్టానికి ఆ బాధ లేదు. చట్టం ఎవరికీ భార్య కాదు. ఇరవై ఒకటి అంటే ఇరవై ఒకటే. ఇంకో రెండేళ్ళ పాటు వాడిని ఆపే గొంతు ఒకటి ఈ ఇంటికి బయటనుంచి వస్తే చాలు, ఈలోగా వాడే పెద్దవాడవుతాడు. ఆమె కోరింది అంతే.

ఇంట్లో ఒక నియమం ఉంది. అది ఆమె పెట్టిందే. భర్త లిఫ్టు మెకానిక్. వాళ్ళకు పెళ్ళయిన కొత్తలో అతను సరదాకు తాగేవాడు. తర్వాత సరదా ఎక్కడో దిగిపోయింది, తాగుడు మిగిలింది. శనివారం తెచ్చిన సీసాలో మిగిలింది ఆదివారానికి, ఆదివారం మిగిలింది సోమవారం పొద్దుటికి. ఒక సోమవారం చెయ్యి వణికి, లిఫ్టు తలుపుకీ చట్రానికీ మధ్య చూపుడు వేలు పడింది. గోరు ఊడిపోయి, మళ్ళీ వంకరగా వచ్చింది. అప్పుడు ఆమె చెప్పింది: వారానికి ఒక్కటే సీసా. శనివారం మధ్యాహ్నం, నా కళ్ళ ముందు. చీకటి పడేలోగా ఖాళీ సీసా చెత్తబుట్టలో ఉండాలి. ఇంట్లో చుక్క మిగలకూడదు.

ఆ నియమం అతను తప్పలేదు. అతనిలో ఆమెకు ఇప్పటికీ గౌరవం ఉన్న విషయాల్లో అదొకటి. మిగిలిన రోజుల్లో అతను నీళ్ళలా స్వచ్ఛంగా ఉండేవాడు, పనికి వెళ్ళేవాడు, జోకులు వేసేవాడు. "లోడు ఎక్కువైతే లిఫ్టు తలుపు మూసుకోదు, బెల్లు కొడుతుంది. మనిషికి ఆ బెల్లు పెట్టడం మర్చిపోయాడు దేవుడు," అనేవాడు.

తర్వాత డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి, ఇప్పుడు తాగేది సగానికి తగ్గించు, ఆపైన చూద్దాం అన్నాడు. అది విన్నప్పుడు ఆమె పక్కనే ఉంది. భర్త తల ఊపాడు. ఆ నెలలోనే చిన్నాకు పద్దెనిమిది నిండాయి. ఆ శనివారం బల్ల మీద రెండో గ్లాసు కనిపించింది. ఆమె గొడవ పడింది. "నా పక్కనే ఉంటాడు కదా, వాడికి నేనే బెల్లు," అన్నాడు భర్త. కొడుకు గ్లాసు అందుకున్నాడు. మొదటి గుక్కకు వాడి ముఖం ముడుచుకుపోవడం ఆమె చూసింది.

డాక్టరు మాట, రెండో గ్లాసు ఒకే నెలలో వచ్చాయని ఆమెకు తెలుసు. కానీ ఆ రెండూ మనసులో వేర్వేరు అరల్లో ఉండిపోయాయి. ఒకటి భర్త ఆరోగ్యం, ఇంకొకటి కొడుకు నడత. ఒకే ఇంటి బట్టలను రెండు మూటలు కట్టి వేర్వేరు రోజుల్లో ఉతికినట్టు, ఒకదాని గురించి దిగులు పడేటప్పుడు రెండోది ఆమెకు గుర్తు వచ్చేది కాదు.

శనివారం ఉదయం భర్త పనికి వెళ్ళాడు. శనివారాలు సగం పూటే. ఆమె వంటింట్లో కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తూ, సభలో చెప్పాల్సింది పెదాలతో వల్లించుకుంటోంది. చిన్నా గుమ్మంలో నిలబడి ఎంతసేపు విన్నాడో తెలియదు.

"అమ్మా, నువ్వు మాట్లాడొద్దు."

"ఎందుకు? నీ తాగుడు పోతుందనా?"

"అది కాదు."

"మంగళవారం చొక్కా చూశాను రా. నాకు తెలియదనుకోకు."

వాడు ముఖం తిప్పుకోలేదు. వచ్చి నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే కూర్చునేవాడు.

"ఇరవై ఒకటి చేస్తే నేను తాగకూడదు. బాగానే ఉంది. నా వాటా ఎవరు తాగుతారు?"

ఆమెకు అర్థం కాలేదు. "నీ వాటా ఏమిటి?"

"మొదటి రోజు నాన్న ఏమన్నాడో తెలుసా నీకు? నువ్వు కూరగాయలకి వెళ్ళావు. సీసా మధ్యలో పెట్టి, 'డాక్టరు సగం అన్నాడు. మీ అమ్మ మిగల్చొద్దంది. నువ్వే చెప్పరా' అన్నాడు."

ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉంది. ఆమె దాన్ని నిలబెట్టింది.

"నవ్వుతూనే అన్నాడు," అన్నాడు వాడు. "బలవంతం ఏం చెయ్యలేదు. నేనే కూర్చున్నాను. నేను తొందరగా తాగుతానమ్మా, నువ్వు చూసే ఉంటావు. ఆయన రెండోది అయ్యేలోపు నేను మూడోది పోసుకోవాలి. లేకపోతే సగం దాటిపోతాడు. ఎంత చేదుగా ఉండేదో."

"చిన్న సీసా తెచ్చుకోవచ్చుగా ఆయన."

"అడిగాను. చిన్నదాంట్లో ఆ రకం రాదంట."

"వస్తుందా?"

"వస్తుంది."

పక్కింటి కుళాయిలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. కొడుకు మీద కోపం వస్తుందేమోనని ఆమె చూసుకుంది, రాలేదు. భర్త మీద వచ్చింది, కానీ అది దారిలో తన దగ్గరే ఆగింది. చుక్క మిగలకూడదు అన్నది తను. ఒక మనిషిని కాపాడటానికి కట్టిన గోడకు ఇంకో మనిషిని ఆనించి నిలబెట్టారు. ఇటుకలు తనవే.

"మరి మంగళవారం?" అంది చివరికి.

వాడు కాలి గోళ్ళు చూసుకుంటూ చెప్పాడు. "మొదట్లో నాన్న కోసమే. మంగళవారానికి నాన్నతో పని లేదు."

"చేదు?"

"ఇప్పుడు లేదు."

ఆ రెండు మాటలు ఆమెతోపాటు వీధి దాటాయి, సభ జరిగే హాలు మెట్లెక్కాయి.

హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముందు వరసలో మైకు. సభ నడిపేది రిటైరైన హెడ్మాస్టరు. ఎవరు ఎక్కువ మాట్లాడినా బల్ల మీద పెన్నుతో కొడుతున్నాడు. ఒక లెక్చరరు లేచి, మెదడు ఎదిగే వయసులో మందు ఎంత చేటో వివరించాడు. మందుల షాపతను కాదు, మందు షాపతను అని తనను తనే పరిచయం చేసుకున్న ఒకాయన, "పద్దెనిమిదికి ఓటేస్తారు, బండి నడుపుతారు, అప్పు తీసుకుంటారు. ఇన్ని చేశాక తాగొద్దంటే ఎలాగండీ పాపం," అన్నాడు. హాలు నవ్వింది. వెనకనుంచి ఒక కుర్రది లేచి, "మా వయసువాళ్ళ గురించి మీరంతా మాట్లాడుతున్నారు, మీ వయసువాళ్ళ గురించి ఎప్పుడు మాట్లాడతారు?" అంది. పెన్ను టకటకమంది.

ఇస్త్రీ అక్క మోచేత్తో పొడిచింది. "లే, నీ వంతు."

ఆమె లేచింది. మైకు మరీ పైకి ఉంది, ఎవరో వంచారు. వల్లించుకున్నదంతా ఉంది, ఎక్కడికీ పోలేదు. చట్టం వస్తే కొడుకు ఆగుతాడు. వాడు ఆగితే సీసా సగం దగ్గర ఆగదు. చట్టం రాకపోతే వాడు ఆగడు. రెండు వైపులా తనవాళ్ళే ఉన్నారు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని చిన్నా కనిపించాడు. వస్తాడని ఆమె అనుకోలేదు.

"చెప్పండమ్మా," అన్నాడు హెడ్మాస్టరు. "పెంచాలంటారా, వద్దంటారా?"

"పెంచాలండి."

"ఇరవై ఒకటికి. అంతేనా?"

"కాదండి."

"మరి ఎంతకి?"

"యాభై మూడుకి," అంది ఆమె.

హాలు ఒక్కసారిగా నవ్వింది. మందు షాపతను చప్పట్లు కొట్టాడు. "మా నోట్లో మట్టి కొట్టారు," అని ఎవరో అన్నారు. హెడ్మాస్టరు కూడా నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టాడు. ఆమె హాస్యానికి అనలేదు. భర్తకు యాభై రెండు. వచ్చే ఏడాది దాకా అతన్ని ఆపితే చాలు, ఆ తర్వాత మళ్ళీ పెంచమని అడగొచ్చు; ఆ క్షణంలో ఆమెకు తట్టిన లెక్క అదే. నవ్వుల మధ్య ఆమె తలుపు వైపు చూసింది. చిన్నా నవ్వడం లేదు. అంత జనంలో ఆ లెక్క అర్థమైంది వాడొక్కడికే.

మధ్యాహ్నం భర్త వచ్చేసరికి ఆ మాట అతని కంటే ముందే ఇల్లు చేరే పనిలో ఉంది. వీధి మొదట్లోనే ఎవరో చెప్పారట.

"యాభై మూడంట," అన్నాడు చెప్పులు విడుస్తూ. "ఒక్క ఏడాదే వేశావ్. దయగల దానివే."

అతని గొంతులో కోపం ఉందో లేదో ఆమె పట్టుకోలేకపోయింది. అతనికీ తెలిసినట్టు లేదు. స్నానం చేసి, సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్నా తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వంటింట్లోంచి ఒక్క గ్లాసే తెచ్చింది.

"ఇంకోటి?" అన్నాడు భర్త.

"వాడికి లేదు."

"చట్టం అప్పుడే వచ్చేసిందా మనింటికి?"

"వాడు నాకు చెప్పాడండీ. డాక్టరు సగం, నేను మిగల్చొద్దన్నది, అన్నీ."

భర్త మూత తిప్పుతున్నవాడల్లా ఆగాడు. వంకర గోరు ఉన్న వేలు సీసా మెడ మీద ఉండిపోయింది. కొడుకు వైపు చూడలేదు.

"చెప్పకుండా ఉండాల్సింది ఏముంది అందులో," అన్నాడు కాసేపటికి, మెల్లగా. "నేను దాచానా? నీ ఎదురుగానేగా."

"నా ఎదురుగానే."

అతను పోసుకున్నాడు. తాగాడు. మళ్ళీ పోసుకున్నాడు. ఈసారి తొందర లేదు. ఎదుట పోటీపడే గ్లాసు లేదు. సీసా సగానికి వచ్చినప్పుడు ముగ్గురికీ తెలిసింది. భర్త చెయ్యి చాచి, ఆపి, బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో సగం. మిగిలిందేం చెయ్యను? రూలు నీదే."

"నాదే. తీసేశాను. మిగలనివ్వండి."

"పారబోసెయ్యొచ్చుగా అమ్మా," అన్నాడు చిన్నా.

ఆమె ఆ పని గురించి పొద్దున్నుంచీ ఆలోచించింది. తూములో పోస్తే ఈ శనివారం గడుస్తుంది. వచ్చే శనివారం కూడా తనే పొయ్యాలి, ఆపై శనివారం కూడా. ఆ సగాన్ని ముగించేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి, ఇన్నాళ్ళూ కొడుకు, ఇకనుంచి తను. ఎవరూ ముగించకపోతే ఏమవుతుందో ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఉండనీ," అంది.

వాడు సీసా వైపు చూశాడు, తర్వాత తండ్రి వైపు. ఆమె ఆ వరస గమనించింది. వెనకటి శనివారాల్లో ముందు తండ్రిని చూసేవాడు. ఆమె చూపు వాడికి తగిలినట్టుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

భర్త మూత అందుకుని సీసా మీద పెట్టాడు. ఒక చుట్టు తిప్పాడు. బిగించలేదు. కిటికీలోంచి వచ్చే వెలుగు ఇంకా బల్ల మీదే ఉంది, చీకటి పడటానికి చాలా సమయం ఉంది. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఆమె మూడో కుర్చీ లాక్కుని వాళ్ళిద్దరి మధ్య కూర్చుంది.