ఒకటే జల

హనుమంతమ్మ మోటరు వేస్తే నీలం నీళ్లు పడతాండాయని గంగప్ప భార్య జయంతి మా పక్కింటామెతో చెప్పిందంట. పక్కింటామె మా అమ్మకు చెప్పేసరికి, ఆ నీళ్లలో తెల్లచీర ముంచితే రంగు వేయించే పనే లేదని తేలింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. హనుమంతమ్మ తోటలో రెండు వందల చీనీచెట్లు, అదే బత్తాయిచెట్లు, తాగుతాండేది ఆ నీళ్లేనని ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ నీలం యాడిదో ఊరికంతా తెలుసు. రాయదుర్గం రోడ్డులో దేవేంద్ర జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్ పెట్టి మూడేండ్లయింది. మా ఊరి ఆడోళ్లు నలభై మంది ఆడ పనిచేస్తారు. ఉతికిన నీళ్లను శుభ్రం చేసే మిషన్లు పెట్టాలంటే లాభంలో సగం పోతుంది, పైగా అవి గోడ వెనకాల ఉంటాయి, ఎవరికీ కనబడవు. అందుకని దేవేంద్ర ఊరి నడుమ తాగే నీళ్ల ప్లాంటు కట్టించి, పైన తన పేరు పెద్దక్షరాలతో రాయించినాడు. మురికినీళ్ల కోసం తిమ్మన్న ఎండుబోరు బాడుగకు తీసుకున్నాడు. రోజూ ట్యాంకరు వచ్చి ఆ బొక్కలో వదిలిపెట్టి పోతుంది.

తిమ్మన్న హనుమంతమ్మకు సొంత తమ్ముడు. ఇద్దరి చేన్లకూ నడుమ ఒక గట్టే అడ్డం. అరచేతిలో టెంకాయ పెట్టుకోని నడిచి, అది నిక్కి నిలబడిన చోట బోరు వేయమనడం ఆయప్ప విద్య. తన చేన్లో ఏడుచోట్ల నిలబడింది, ఏడూ ఎండినాయి. ఆ ఏడో బోరు కాడినుంచే టెంకాయతో గట్టు దాటిపోయి అక్కకు పాయింటు చూపించినాడు. ఆమెకు నీళ్లు పడినాయి. ఇప్పుడు ట్యాంకరు నీళ్లు తాగేది ఆ ఏడో బోరే.

ప్యాంట్లు కొనే కంపెనీ తరఫున బెంగళూరు నుంచి మౌనిక మేడమ్ తనిఖీకి వస్తాదని తెలిసిన పొద్దున, దేవేంద్ర హనుమంతమ్మ ఇంటికి పోయినాడు.

"అక్కా, మేడమ్ అడిగితే చెట్లు తెగులు తగిలి ఎండినాయని చెప్పు చాలు. ప్లాంటు నీళ్లు రోజూ రెండు క్యాన్లు నీ గడపకే పంపిస్తా."

"చెట్టుకు రెండా, ఇంటికి రెండా?"

దేవేంద్ర నవ్వి చెప్పులేసుకున్నాడు.

నీళ్ల ప్లాంటు ముందర షామియానా వేసినారు. ఆ పూట యూనిట్‌కు సెలవిచ్చి, ఆడోళ్లను క్యాన్లతో వరసగా నిలబెట్టినారు. మౌనిక కాగితాలు తిరగేసి, యూనిట్ వల్ల ఎవరికైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. హనుమంతమ్మ ఎండిన చీనీకొమ్మ పట్టుకోని లేచింది.

ఆమె నోరు తెరవకముందే వరసలోంచి తిమ్మన్న కూతురు సుజాత అందుకుంది. "కూర్చో అత్తా. యూనిట్ మూసేస్తే మేం నలభై మందీ నీ తోటలో కాయలు కోసుకోని బతకాల్నా?"

"కాయలు యాడివే, ఆకులే లేకపాయె," అన్నారు ఎవరో. వరసంతా నవ్వింది.

హనుమంతమ్మ కూర్చోలేదు. కొమ్మను తమ్ముని చేని దిక్కు చాపి, "ఆ బోరులో ఏం పోస్తాండారో అడుగు మేడమ్," అంది.

"వాననీళ్లు ఇంకిస్తున్నాం మేడమ్. భూమికి మనం కూడా ఏదో ఒకటి తిరిగి ఇయ్యాల కదా," అన్నాడు దేవేంద్ర.

ఆ మాట రాసుకుని, బోరు ఎవరిదని అడిగింది మౌనిక. తిమ్మన్న టవలు భుజం మీంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. కూతురి దిక్కు చూసినాడు, దేవేంద్ర దిక్కు చూసినాడు.

"నాదే మేడమ్. ఉత్త ఎండుబొక్క. దానికీ మా అక్క బోరుకూ ఏ సంబంధమూ లేదు."

మౌనిక కాగితం మీద టిక్కు పెట్టింది. క్యాన్ల వరస ఒక అడుగు ముందుకు జరిగింది.

"ఆ బొక్క కాడినుంచి నా చేన్లోకి టెంకాయ పట్టుకోని నడిచి, భూమి కింద ఇదంతా ఒకటే జల అక్కా అన్నది నువ్వే కదరా," అంది హనుమంతమ్మ. "బతుకంతా నువ్వు చూపించినదాంట్లో నిజమైంది అదొక్కటే."