గుడి దిగిన అక్షరం

పెయింటరు రోజూ పొద్దున్నే మూడు పనులు చేస్తాడు. బ్రష్షులు కిరసనాయిలులో జాడిస్తాడు, వాటిలో సన్నదాన్ని కుడిచెవి మీద దోపుకుంటాడు, పైవాణ్ణి తిడతాడు. తిట్టంటే మామూలు తిట్టు కాదు. ఆ గొంతు లేస్తే దండెం మీది తడిబట్టలు ఒక్క విదిలింపుకే ఎండిపోయేవి, మూడు వీధుల అవతల పాలు విరిగేవి.

ఇక ఆ చెయ్యి! అలాంటి చెయ్యి భూమ్మీద ఇంకోటి పుట్టలేదు. స్కేలు లేకుండా అతను గీసిన గీత దగ్గరికొచ్చి మేస్త్రీలు తమ కొలబద్దలు సరిచూసుకునేవాళ్ళు. కొళాయి మీద ‘చల్లని నీరు’ అని రాస్తే చదివినవాళ్ళకి దాహం తీరిపోయి, ఆ కొళాయి తుప్పు పట్టింది. ఆస్పత్రి గోడమీద ‘నిశ్శబ్దం’ అని రాస్తే గడియారం కూడా నోరు మూసుకుంది. ఇన్ని గోడలు రాసినవాడు పదకొండేళ్ళుగా ఒక్క గోడవైపు మాత్రం చూళ్ళేదు: తను పుట్టి పెరిగిన ఇంటి గోడ.

ఒక సోమవారం బస్టాండు నుంచి కబురొచ్చింది. ఎంక్వైరీ కిటికీ మీది బోర్డు వెలిసిపోయింది, కొత్తగా రాయాలట. పెయింటరు వెళ్ళాడు. నున్నటి గచ్చు మీద నిచ్చెన గడగడలాడుతుంటే, పట్టుకునేవాడు లేకుండానే ఎక్కి, ఎర్రరంగుతో ‘తప్పిపోయినవారి విచారణ’ అని రాసి దిగాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

‘తప్పుపోయినవారి విచారణ’ అని ఉంది. నెత్తిన పెట్టిన గుడి జారి, పక్కకొచ్చి కొమ్మై కూచుంది.

బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలెత్తి చూశారు.

“గుడి దిగినట్టుందే,” అంది ఒకావిడ, మూట రెండో చేతికి మార్చుకుంటూ.

“దిగదా మరి, ఎండలు చూస్తున్నావుగా,” అన్నాడు పక్కనున్న ముసలాయన, మళ్ళీ పేపరులో తల దూర్చి.

పెయింటరుకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై ఏళ్ళలో ఒక్క తప్పు రాయని చెయ్యి! ఎక్కి తుడిచాడు, గుడి పెట్టాడు, దిగాడు. వెనకాలే గుడీ దిగింది. రెండోసారి చిక్కటి రంగు వేశాడు. మూడోసారి రంగులో జిగురు కలిపాడు. నాలుగోసారి ఆరేదాకా గొడుగు పట్టాడు. ఏడోసారి ఇనపతీగను గుడిలా వంచి, మేకులు కొట్టి బిగించాడు. మేకులు అక్కడే ఉన్నాయి. తీగ మాత్రం తాపీగా పక్కకి దిగి, తోక ఊపుకుంటూ కొమ్మై కూచుంది.

పెయింటరు ఆకాశం వైపు చెయ్యి చాచాడు. బస్టాండులో ఉన్న ఇంజన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, అంత కేక!

“ఏవయ్యా! నీ గుళ్ళు నీకున్నాయి కదా, నా గుడి జోలికెందుకొస్తావ్? ఆనాడు ఎక్కడ చచ్చావ్? నిచ్చెన మీంచి నా తమ్ముడు జారినప్పుడు ఇదే చురుకు చూపించి ఉండొచ్చుగా!”

కిటికీ వెనకున్న ఎంక్వైరీ ఆవిడ మైకు ఆపింది. పాతికేళ్ళుగా ఆమె రోజంతా చెప్పేది ఒకే మాట: ఎక్కడున్నా ఈ కిటికీ దగ్గరికి రావాలి, మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఎవరూ ఏమీ అనరు.

“నిచ్చెన ఎవరు పట్టుకున్నారండీ అప్పుడు?” అని అడిగింది.

“నేనే! కాదు... నేనే పట్టుకోవాలి. ఒక అక్షరం దగ్గర మాటా మాటా పెరిగింది. పైనుంచి వాడు నవ్వాడు. నాకు ఒళ్ళు మండి వదిలేసి పోయాను. పది అడుగులు వేశానో లేదో, చప్పుడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ముక్కలైపోయింది. నా చేతికంటే మంచి చెయ్యమ్మా అది. ఆ మాట వాడికెప్పుడూ చెప్పలేదు. ఆస్పత్రిలో దింపి, అటునుంచి అటే పోయాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

ఆవిడ పాత రిజిస్టరు ఒకటి దించి, దుమ్ము దులిపి, ఒక పేజీ తీసి కిటికీలోంచి ముందుకు తోసింది.

‘మా అన్న తప్పుపోయాడు. కోపం ఎక్కువ. కుడిచెవి మీద బ్రష్షు ఉంటుంది. గొంతు దూరం నుంచే తెలుస్తుంది.’

ఎడమచేత్తో రాసిన అక్షరాలు. అప్పుడే దిద్దడం మొదలుపెట్టిన చెయ్యి. గుడి నెత్తికి అందక పక్కకి జారి, తోక పైకెగిరిన కొమ్మయింది. పెయింటరు బోర్డు చూశాడు. అదే తోక.

“రాసింది పదకొండేళ్ళ కింద,” అంది ఆవిడ. “నెలకో సోమవారం, ఇవాళ్టిలాగే, నాలుగింటి బస్సుకి దిగి అడుగుతాడు. మా అన్న దొరికాడా అని.”

గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“నేను క్షమించమని ఎవణ్ణీ అడగలేదే!” అని అరిచాడు పెయింటరు. “వాణ్ణీ అడగలేదు, పైవాణ్ణీ అడగలేదు!”

“మీరెందుకు అడుగుతారు? పాతికేళ్ళలో ఈ కిటికీ దగ్గరికి తప్పిపోయినవాడు వచ్చి అడగడం నేను చూళ్ళేదు. వెతికేవాడే వస్తాడు. మీరు తిట్టే ఆ పైవాడే పొద్దుట్నుంచీ దిద్దుతున్నాడు, మీరు చెరుపుతున్నారు. అంతే.”

పెయింటరు డబ్బా మూత బిగించాడు. బ్రష్షులు గుడ్డలో చుట్టాడు. నిచ్చెన మడవబోయాడు. పారిపోవడంలో కూడా అతన్ని మించినవాడు లేడు మరి.

“వెళ్ళండి,” అంది ఆవిడ, రిజిస్టరు సర్దుకుంటూ. “ఆ కొమ్ము కాస్త వంకరగా ఉంది. ఎవరు రాశారంటే మీరేనని చెబుతాను.”

“వంకరా? నేను రాశానని చెబుతావా?” పళ్ళు పటపట కొరికాడు. తిట్టుకుంటూనే మళ్ళీ నిచ్చెన వేశాడు, ఎక్కాడు. తీగని ముట్టుకోలేదు. దాని చుట్టూ ఎర్రరంగుతో అంచు గీయడం మొదలుపెట్టాడు. నిచ్చెన కింద గచ్చు మీద గడగడమంటోంది. వెనక బస్సు ఆగిన చప్పుడు. ఆయాసపు అడుగులు. ఉన్నట్టుండి నిచ్చెన కదలడం మానేసింది.

చెయ్యి ఆగింది. కిందికి చూసే ధైర్యం ఆ ధీరుడికి లేదు. ఓరకంట చూస్తే నిచ్చెన కర్రను చుట్టుకుని రెండు చేతులు, ఒకటి మణికట్టు దగ్గర వంకర.

“తోక ఇంకొంచెం పైకి లాగు, అన్నా.”

“నోర్ముయ్! నాకు నేర్పుతావురా?” అన్నాడు పెయింటరు. తోక పైకి లాగాడు. కళ్ళ ముందు ఎరుపంతా అలుక్కుపోయింది. “గట్టిగా పట్టుకో.”

“పట్టుకునే ఉన్నాలే. దిగు.”