గేటుకి పోసిన నూనె

“గేటు కిర్రుమంటోందని కాస్త నూనె పోశానమ్మా. ఇప్పుడు చూడు, చప్పుడే లేదు!” అన్నారు మామగారు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

ఆరేస్తున్న దుప్పటి అలాగే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తాను. సింకు కింద వరుసగా పెట్టుకున్న నా సీసాల్లో నడిమిది లేదు. ఒకే బస్సు ఇంజిన్లోంచి, కొత్త నూనె పోసిన రోజు మొదలు మళ్ళీ మార్చేదాకా, డ్రైవర్‌ని బతిమాలి నా పరిశోధన కోసం తీసుకున్న నమూనాలవి. నూనె నల్లబడితేనే పాడైందని అందరూ అనుకుంటారు. అంతకు చాలా ముందే, ఇంజిన్ అరగకుండా కాపాడడానికి నూనెలో కలిపే జింకు మందు విరిగిపోతుంది. జింకును అంటిపెట్టుకున్న గంధకం పోయి ఆ చోట ఆక్సిజన్ చేరుతుంది. ఎక్స్‌రేలు పంపి చూస్తే తప్ప అది తెలియదు. ఆ మార్పు ఎక్కడ మొదలైందో చెప్పాల్సింది ఆ నడిమి సీసాయే.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. “పాడైపోయిన నూనె కోసం ఇంత ఏడుపా? ఆ బస్సులోంచే మళ్ళీ తెచ్చుకో. అయినా ల్యాబులో పెట్టుకోక, ఇంటికెవరు తెమ్మన్నారు?” ఆ బస్సులో ఆ నూనె ఎప్పుడో మార్చేశారని ఆయనకేం తెలుసు!

“సీసా శుభ్రంగా కడిగానులే, ఉప్పు పోసుకోవచ్చు,” అని ఓదార్చారు అత్తగారు.

వీళ్ళలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అదే నా ప్రాణానికొచ్చింది, కోప్పడితే నేనే గయ్యాళినవుతాను. మామగారి మాత్రలు కనబడకపోయినా, మా ఆయన సాక్సు ఒకటి తప్పిపోయినా ఇల్లంతా నా పేరే పిలుస్తుంది. నా ఏడాది కష్టం గేటు పాలైతే మాత్రం అది భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకునే ముచ్చట.

మర్నాడు మా ల్యాబు డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన తలైనా ఎత్తలేదు. “దానికింత కంగారెందుకమ్మా? గ్రాఫులో అటో చుక్క, ఇటో చుక్క ఉన్నాయిగా. మధ్యలో గీత కలిపెయ్. ఎవరు చూడొచ్చారు?”

నేను కలపలేదు. సదస్సులో నా గ్రాఫు మధ్యలో ఖాళీతోనే తెర మీదికొచ్చింది. ముందు వరసలోని పెద్దావిడ అదేమిటని అడిగింది.

“ఆ నూనె మా మామగారు గేటుకి పోశారండీ.”

హాలంతా గొల్లుమంది. “ఆడవాళ్ళ ల్యాబు వంటిల్లే కదండీ!” అని డైరెక్టరు గారు అందరికంటే గట్టిగా నవ్వారు.

నవ్వులు ఆగేదాకా మైకు పట్టుకుని నిలబడ్డాను.

“కొత్త అసిస్టెంటు చేరగానే ల్యాబులో నా అలమర ఖాళీ చేయించి అతనికిచ్చారు సార్. ‘నీ సీసాలు ఇంట్లో పెట్టుకో, ఆడవాళ్ళకి సర్దుకోవడం అలవాటేగా’ అన్నది మీరే,” అని, తర్వాతి స్లయిడు వేశాను.